తరుగు

ముప్ఫై నాలుగేళ్లు ఒందారోవా రేవులో
చేపల తూకం వేశాను.
కాటా ఏనాడూ నాతో అబద్ధమాడలేదు.
అడగనిదీ చెప్పలేదు.
ఎంత అంటే ఎంతో చెబుతుంది,
ఏమిటి అంటే నోరు మెదపదు.
మంచుగడ్డైనా మాంసమైనా
దాని పళ్లేనికి ఒకటే.

మా చోమిన్ నూట ముప్ఫై ఒక్క కిలోలు.
మెట్టుమెట్టుకీ మోకాళ్లు మూలిగేవి.
రాత్రుళ్లు ఊపిరి ఆగిపోయి
పాత మోటారు పడవలా దగ్గి మళ్లీ అందుకునేది.
నేను చీకట్లో లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని,
ఎనిమిది, తొమ్మిది, పది... హమ్మయ్య.

శుక్రవారం శుక్రవారం
ఫ్రిజ్‌లో వెన్న పక్కనుంచి తీసి
పెన్నులాంటి సూదిని పొట్టకి ఆనించుకునేవాడు.
టిక్కుమని చిన్న చప్పుడు.
అంతే, ఆకలి
అలిగిన అల్లుడిలా గడప దిగి పోయింది.
ఎవరూ బతిమాలలేదు.

ఏడాదిన్నరకి ముప్ఫై మూడు కిలోలు!
రొట్టెల కొట్టు నెకానె చప్పట్లు కొట్టింది.
డాక్టరు కాగితంలో చక్కెర కిందికి దిగింది.
రాత్రుళ్లు నేను లెక్కపెట్టడం మానేశాను.
ఇందులో ఏదీ కాదనను.

ఆగస్టులో ఒకనాడు
ఉప్పుచేపల సీసా మూత తీయమని ఇచ్చాను.
తిప్పాడు. మళ్లీ తిప్పాడు.
తువ్వాలు చుట్టి తిప్పాడు.
"జిడ్డుగా ఉంది" అన్నాడు.
నా చేతికివ్వకుండా బల్లమీద పెట్టి
బయటికెళ్లాడు.

బయట, గుమ్మం పక్కన, ఆ రాయి.
నూరు కిలోల నల్ల గ్రానైటు.
మా పెళ్లికి ముందు పండగ మైదానంలో
పది నిమిషాల్లో ఇరవై రెండుసార్లు భుజానికెత్తి
నావైపు చూడకుండానే
నాకోసం దించిన రాయి.

నల్ల నడికట్టు చుట్టుకున్నాడు.
ఒకప్పుడు నాలుగు చుట్లకే చాలని గుడ్డ
ఏడు చుట్లు తిరిగి, ఇంకా వేలాడింది.
వంగాడు. కావలించుకున్నాడు.
ఉలకలేదు, పలకలేదు రాయి.
ముప్ఫై మూడు కిలోలు ఈయన దిగొస్తే
అది ఒక్క గ్రామూ దిగలేదు.

ఆయన సిగ్గుపడింది రాయికి కాదు.
కిటికీలో నేనున్నానని తెలిసి.

ఆ రాత్రి వీపు రుద్దుతుంటే చేతికి తెలిసింది.
భుజం వెనక నా అరచెయ్యి ఆనే మిట్ట
లేదు.
వేలికొసలు ఏదో పల్లంలో జారాయి.

చేప కోస్తే తలా, తోకా, పేగులూ, పొలుసూ
తరుగు కింద రాసి కొట్టేస్తాం,
ఎవరికీ బాధ లేదు.
నడిమి కండ కూడా అదే బుట్టలో పడితే
ఏ ఖాతాలో రాయను?
కాటా రెండిటినీ కలిపి "తగ్గింది" అంది.
మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆసుపత్రిలో కసరత్తు నేర్పే పిల్ల, ఇసారో,
సూదిని తిట్టలేదు, ఈయన్నీ తిట్టలేదు.
"ఏ దారిన బరువు దిగినా
కొంత కండ వెంట పోతుంది తాతా.
ఆకలిని పంపించేశావు సరే,
మిగిలినవాళ్లకి అన్నం పెట్టాలా వద్దా?"
గుడ్లు, శనగలు, చేప.
ఆకలి లేకపోయినా, డ్యూటీ చేసినట్టు తినాలి.
చేతులానించకుండా కుర్చీలోంచి లేవాలి, పదిసార్లు.
మైదానాలు చూసినవాడు కుర్చీని చూసి నవ్వాడు.
ఆరోసారికి నవ్వు ఆగింది.

ఇప్పుడు అక్టోబరు.
మా పెద్దాడి చిన్నప్పుడు చెక్కించిన
పన్నెండు కిలోల బుడ్డరాయి
అటక మీంచి దిగింది.
పొద్దున్నే వానలో దాన్ని భుజానికెత్తుతాడు,
ఎవరూ లెక్కపెట్టొద్దంటాడు.
పెద్దరాయి మీద గోనె కప్పాడు,
చలికనట.

ఆ సీసా ఫ్రిజ్‌లో ఉంది, సూది పక్కన.
మూత నేనే సడలించి పెట్టానని ఆయనకి తెలుసు.
అందుకే ముట్టడు.

"నువ్వు వదులు చేసింది నాకొద్దు.
బిగించివ్వు" అన్నాడు ఇవాళ.

బిగించాను,
నా బలమంతా పెట్టి.